ఒకే సరుకు, పది పుస్తకాలు: బ్లాక్‌చైన్ ఖాతా వేరుశనగ వర్తకానికి ఏ మేరకు పనికివస్తుంది?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ యార్డులకు యాసంగి వేరుశనగ రాబడి మొదలైన దినాలలో ఒక లాటు సరుకు ఎన్నిచోట్ల వ్రాయబడుతున్నదో లెక్కించి చూసినవారు అరుదు. రైతు బండి గేటు దాటగానే ఒక నమోదు. లాటు నంబరు ఒకటి. టెండరులో ఖరీదుదారు వేసిన ధర మరొకటి. దడవాయి తూకం వేసి వ్రాసిన చీటీ, దాని ఆధారంగా అడ్తిదారు ఇచ్చే తక్‌పట్టీ, అడ్తి దుకాణపు చిట్టా, ఖరీదుదారు ఆవర్జా, మార్కెట్ కమిటీ ఫీజు పుస్తకం, లారీ వెంట పోయే ఈ-వే బిల్లు, మిల్లులో దింపుకున్న రసీదు. సరుకును గోదాములో పెడితే గోదాము రసీదు, ఆ రసీదుపై బ్యాంకు అప్పిస్తే బ్యాంకు ఖాతా. సరుకు ఒక్కటే, పుస్తకాలు మాత్రం పదికి తక్కువ ఉండవు.

ఈ పుస్తకాలన్నీ ఒకదానితో ఒకటి సరిపోయినంత కాలం ఎవరికీ చింత లేదు. బస్తాల సంఖ్యలోనో, తేమ కోతలోనో, తరుగులోనో తేడా వచ్చిన నాడు ఎవరి పుస్తకం వారికి ప్రమాణం. గుమాస్తాలు కూర్చుని పద్దులు సరిచూసుకోవడానికి దినాలు పడతాయి. మాట పట్టింపు వస్తే పెద్దమనుషుల వద్దకు, అక్కడ తెగకపోతే కోర్టుకు. బ్లాక్‌చైన్ అనే పద్ధతి పుట్టింది ఈ ఇబ్బందిలో నుండే. దాని పేరు వినగానే బిట్‌కాయిన్, దాని ధరల ఎగుడుదిగుళ్లు వర్తకుల మనస్సులో మెదలడం సహజమే. కాని బిట్‌కాయిన్ ఆ పద్ధతితో వ్రాసిన ఒక పుస్తకం మాత్రమే. అదే పద్ధతిలో పల్లికాయ లెక్కనైనా, పత్తి విత్తనాల లెక్కనైనా వ్రాయవచ్చును.

పుటకు ముద్ర

ఇది ఒక రకమైన చిట్టా. అందరి వద్ద ఒకే ప్రతి ఉంటుంది. కొత్త పద్దులు చేర్చవచ్చును గాని పాత పద్దులను చెరిపి వ్రాయడానికి వీలుండదు. కొన్ని పద్దులు కలిపి ఒక పుట. ఆ పుటనే బ్లాక్ అంటారు. ప్రతి పుట చివర ఆ పుటలోని అంకెలన్నింటి నుండి లెక్కగట్టిన ఒక ముద్ర సంఖ్య ఉంటుంది. తరువాతి పుట ఈ ముద్రతోనే మొదలు కావలెను. అట్లా పుటలు గొలుసుగా ముడిపడతాయి గనుక చైన్ అనే మాట వచ్చింది.

ఊహకు ఒక లెక్క చూడవచ్చును. ఒక అడ్తి దుకాణంవారు తమ చిట్టాకు ఇట్లా నియమం పెట్టుకున్నారనుకుందాము: ముందటి పుట ముద్ర, బస్తాల సంఖ్య, క్వింటాలు ధర ఈ మూడింటినీ కూడి, 7తో హెచ్చవేసి, వచ్చిన మొత్తంలో చివరి మూడంకెలను ముద్రగా వ్రాయవలెను. మొదటి పుటలో 120 బస్తాలు, ధర రూ. 6,400. ముందటి ముద్ర లేదు గనుక సున్న. కూడిక 6,520, ఏడు రెట్లు 45,640, ముద్ర 640. రెండవ పుటలో 85 బస్తాలు, ధర రూ. 6,550. ముందటి ముద్ర 640 కలిపితే 7,275, ఏడు రెట్లు 50,925, ముద్ర 925. మూడవ పుటలో 200 బస్తాలు, ధర రూ. 6,480. 925 కలిపితే 7,605, ఏడు రెట్లు 53,235, ముద్ర 235.

ఇప్పుడు ఎవరో మొదటి పుటలోని 120 బస్తాలను 110గా దిద్దినారనుకుందాము. ఆ పుట ముద్ర 640 పోయి 570 అవుతుంది. దానితో రెండవ పుట ముద్ర 925 బదులు 435కు, మూడవ పుట ముద్ర 235 బదులు 805కు మారిపోతాయి. దిద్దింది ఎక్కడో వెనుక పుటలో, తేలింది చివరి పుటలో. కావున చిట్టా మొత్తం తిరగవేయనక్కర లేదు. ఎదుటివారి వద్ద నున్న చివరి ముద్రను మన ముద్రతో పోల్చి చూస్తే చాలును. 235 ఉండవలసిన చోట 805 కనిపించినదంటే ఎక్కడో చేయి పడినదన్నమాటే.

తెలివైన గుమాస్తా ఈ నియమాన్ని సులభంగా వంచగలడు. బస్తాలు పది తగ్గించి ధర పది రూపాయలు పెంచితే కూడిక మారదు, ముద్రా మారదు. అందుకే నిజమైన బ్లాక్‌చైన్‌లలో ఇంత చిన్న లెక్క వాడరు. బిట్‌కాయిన్‌లో వాడే ఎస్‌హెచ్ఎ-256 అనే లెక్క ఎంత పెద్ద వ్రాతనైనా 64 అక్షరాల ముద్రగా మారుస్తుంది. ఆ ముద్రలు ఎన్ని రకాలు ఉండగలవంటే, ఆ సంఖ్యను వ్రాయడానికి 78 అంకెలు కావలెను. ఒక కామా మారినా ముద్ర మొత్తం మారుతుంది. ఒకే ముద్ర వచ్చే రెండు వేర్వేరు వ్రాతలను ఇంతవరకు ఎవరూ తయారు చేయలేకపోయినారు. వ్రాత నుండి ముద్ర తీయడం క్షణంలో పని, ముద్ర నుండి వ్రాతను వెనుకకు రాబట్టడం సాధ్యం కాని పని.

పత్రికలో అచ్చయిన ముద్ర

ఈ ఆలోచన బిట్‌కాయిన్‌తో పుట్టింది కాదు. 1991లో అమెరికాలోని బెల్‌కోర్ పరిశోధనశాలలో పనిచేస్తున్న స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెట్టా అనే ఇద్దరు, ఒక పత్రం ఫలానా తేదీకి ముందే ఉన్నదని రుజువు చేయడం ఎట్లా అన్న ప్రశ్నకు జవాబుగా పత్రాల ముద్రలను గొలుసు కట్టే పద్ధతిని ప్రకటించినారు. తరువాత సురేటీ అనే సంస్థ ద్వారా 1995 నుండి వారం వారం వచ్చిన ముద్రను న్యూయార్క్ టైమ్స్ పత్రిక ప్రకటనల కాలంలో చిన్న అక్షరాలలో అచ్చు వేయించినారు. దీనిలోని కిటుకు వర్తకులకు ఇట్టే తెలియవలెను. పత్రిక ప్రతులు లక్షల ఇండ్లకు, గ్రంథాలయాలకు పోతాయి. ఒక ముద్రను మార్చదలచినవాడు ఆ ప్రతులన్నింటినీ వెతికి మార్చవలెను. అది ఎవరి తరం కాదు. పుస్తకం ఒకరి పెట్టెలో ఉంటే దిద్దవచ్చును, ఊరందరి వద్ద ఉంటే దిద్దలేరు.

ఇకపోతే, ప్రతులు అందరి వద్దా ఉన్నప్పుడు తరువాతి పుట వ్రాసే హక్కు ఎవరిది? ఇద్దరు రెండు వేర్వేరు పుటలు వ్రాసి ఇదే అసలుదంటే ఏది నిజం? ఈ చిక్కుకు 2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అనే పేరుతో, అసలు వ్యక్తి ఎవరో నేటికీ తేలని ఒకరు, ఒక పరిష్కారం ప్రకటించినారు. 2009 జనవరి 3న ఆ లెక్కన మొదటి పుట వ్రాయబడింది. లండన్ టైమ్స్ పత్రికలో ఆనాడు వచ్చిన శీర్షిక ఒకటి ఆ పుటలో చేర్చబడి ఉన్నది. తేదీకి సాక్ష్యంగా మళ్లీ పత్రికే నిలిచిందన్నమాట.

బిట్‌కాయిన్‌లో పుట వ్రాయదలచినవారు ముందు ఒక కష్టమైన లెక్క విప్పవలెను. కోట్ల కోట్ల సార్లు అంకెలు మార్చి ప్రయత్నించడం తప్ప దానికి అడ్డదారి లేదు. ముందుగా విప్పినవారికి పుట వ్రాసే హక్కు, దానితో కొంత బిట్‌కాయిన్ బహుమానం దక్కుతాయి. సుమారు పది నిమిషాలకు ఒక పుట వచ్చేటట్లు లెక్క కాఠిన్యాన్ని సర్దుతారు. పాత పుటను దిద్దదలచినవాడు ఆ తరువాతి పుటల లెక్కలన్నీ మళ్లీ విప్పి, పైగా లోకమంతా కలిసి విప్పుతున్న కొత్త లెక్కలను దాటిపోవలెను. భద్రత అక్కడ ఉన్నది, కరెంటు ఖర్చూ అక్కడే ఉన్నది. 2015లో మొదలైన ఇథీరియం 2022 సెప్టెంబరులో ఈ పద్ధతిని వదలి, ధరావతు కట్టినవారికి పుట వ్రాసే అవకాశమిచ్చే విధానానికి మారింది. దానితో దాని విద్యుత్ వాడకం దాదాపు పూర్తిగా తగ్గిపోయింది.

వర్తక సంఘాలకు ఈ ఆర్భాటం అక్కర లేదు. ముఖం తెలియనివారు కోట్లలో చేరే పుస్తకానికి ఆ లెక్కలు కావలెను గాని, ఇరవైమంది అడ్తిదారులు, పదిమంది మిల్లర్లు, రెండు బ్యాంకులు, మార్కెట్ కమిటీ చేరిన పుస్తకంలో ఎవరెవరో అందరికీ తెలుసు. ఇటువంటి దానిని అనుమతి గల బ్లాక్‌చైన్ అంటారు. సభ్యులు తమలో ఎంతమంది ఒప్పుకుంటే పుట చెల్లుతుందో ముందే నిర్ణయించుకుంటారు. సరుకుల వ్యాపారంలో వాడకానికి వచ్చినవాటిలో ఎక్కువ భాగం ఈ కోవలోనివే. అయితే సభ్యులు కొద్దిమందే అయినప్పుడు వారిలో ఎక్కువమంది కుమ్మక్కయితే పుస్తకం తిరగవ్రాయగలరు. మిగిలినవారి వద్ద పాత ముద్రలు ఉంటాయి గనుక మోసం బయటపడుతుంది గాని, ఆగదు. ఈ తేడాను ఈ పద్ధతి అమ్మవచ్చినవారు సాధారణంగా చెప్పరు.

పద్దు వేసినది ఫలానావారే అన్నదానికి సంతకం ఎట్లా? ప్రతి సభ్యునికి రెండు తాళపు సంఖ్యలు ఉంటాయి. ఒకటి రహస్యం, దానితో సంతకం చేస్తారు. రెండవది బహిరంగం, దానితో ఎవరైనా సంతకం సరిచూడవచ్చును. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం కింద డిజిటల్ సంతకానికి ఇప్పటికే గుర్తింపు ఉన్నది. జి.ఎస్.టి. రిటర్నులకు ఆ సంతకం వాడుతున్న సంస్థలకు ఇది కొత్త కాదు. రహస్య సంఖ్య గుమాస్తా చేతిలో పెట్టి యజమాని నిశ్చింతగా ఉండడం మాత్రం ఖాళీ చెక్కులపై సంతకాలు చేసి ఇవ్వడంతో సమానం.

ఒకే సరుకుపై రెండు అప్పులు

ఇంత శ్రమ ఎందుకని అడిగేవారికి సరుకుల వర్తకంలోని రెండు ఉదంతాలు జవాబిస్తాయి. 2014లో చైనాలోని చింగ్‌దావ్ రేవులో ఒకే లోహపు నిల్వపై పలు రసీదులు పుట్టించి పలు బ్యాంకుల వద్ద అప్పులు తీసినట్లు బయటపడింది. ప్రతి బ్యాంకు చేతిలోనూ రసీదు ఉన్నది. ఏ బ్యాంకుకూ ఇంకొక బ్యాంకు చేతిలోని రసీదు కనిపించదు. అన్ని బ్యాంకులూ ఒకే పుస్తకం చూస్తూ ఉంటే రెండవ తాకట్టు పద్దు పడేదే కాదు. బ్లాక్‌చైన్ నిజంగా నయం చేయగల రోగం ఇది.

రెండవది మన దేశంలోనిదే. 2013 జులై 31న నేషనల్ స్పాట్ ఎక్స్‌చేంజ్ వ్యాపారం నిలిచిపోయింది. సుమారు 13,000 మంది మదుపరులకు రావలసిన సొమ్ము సుమారు రూ. 5,600 కోట్లు చిక్కుబడింది. కాగితాల మీద చూపిన సరుకు చాలా గోదాములలో లేదని తరువాత తేలింది. ఇక్కడ బ్లాక్‌చైన్ ఉన్నా ఏమీ ఒరిగేది కాదు. లేని సరుకును ఉన్నట్లు వ్రాస్తే ఆ అబద్ధాన్నే చెరగని సిరాతో భద్రపరిచేది. గొలుసు పద్ధతి పుటను కాపాడుతుంది. గోదాము తలుపు తీసి బస్తాలు లెక్కించే పని మనిషిదే. బ్లాక్‌చైన్ గురించి వర్తకులు తెలుసుకోవలసిన విషయాలలో దీనికి మించినది లేదు.

గోదాము రసీదుల విషయంలో దేశం వేరే దారి పట్టింది. 2007 నాటి గిడ్డంగుల చట్టం కింద ఏర్పడిన నియంత్రణ ప్రాధికార సంస్థ 2017లో ఎలక్ట్రానిక్ రసీదులను ప్రవేశపెట్టింది. ఎన్.ఇ.ఆర్.ఎల్., సి.సి.ఆర్.ఎల్. అనే రెండు రిపాజిటరీలు ఆ రసీదుల ఖాతాలు ఉంచుతున్నవి. షేర్లు డీమాట్‌లో ఉన్నట్లే రసీదు ఒక ఖాతాలో ఉంటుంది. దానిపై తాకట్టు పడితే అక్కడే నమోదవుతుంది గనుక మరొక చోట తాకట్టు పెట్టలేరు. దీనికి అసలు ఆధారం రిపాజిటరీ ఉంచే కేంద్ర ఖాతా, దానిపై చట్టం ఉంచిన నిఘా. 2016 ఏప్రిల్‌లో ప్రారంభమైన ఈ-నామ్ కూడా కేంద్ర పద్ధతిలో నడిచేదే. అందరూ నమ్మే ఒక సంస్థ ఉండి, దానిపై చట్టం కన్ను ఉన్నచోట బ్లాక్‌చైన్ అదనపు ఖర్చే. ఎవరి పుస్తకాన్నీ ఎదుటివారు నమ్మని చోట, ఒకరిని పెద్దగా ఒప్పుకోవడానికి ఎవరికీ ఇష్టం లేని చోట, అప్పుడే దాని అవసరం పుడుతుంది.

వాడకంలో ఉన్నవి, మూతపడినవి

తెలుగు ప్రాంతాలకు ఈ పద్ధతి అపరిచితం కాదు. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వీడన్‌కు చెందిన క్రోమావే సంస్థతో భూమి రికార్డులపై ప్రయోగం తలపెట్టింది. 2018 ఆగస్టులో హైదరాబాదులో అంతర్జాతీయ బ్లాక్‌చైన్ మహాసభ జరిగింది. తెలంగాణలో చిట్‌ఫండ్ల పర్యవేక్షణకు టి-చిట్స్ అనే బ్లాక్‌చైన్ విధానం వచ్చింది. చిట్టీ పాట ఎంతకు పోయింది, ఎవరు ఎత్తుకున్నారు, ఎవరు కట్టలేదు అన్న లెక్కలు నిర్వాహకుని పుస్తకంలోనే ఉండిపోవడం వల్ల మోసపోయినవారు ప్రతి ఊరిలో ఉన్నారు గనుక, ఈ వాడకానికి అర్థమున్నది. 2021లో సుగంధ ద్రవ్యాల బోర్డు, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం కలిసి ఆంధ్రప్రదేశ్‌లోని మిర్చి, పసుపు రైతులతో సరుకు ఆచూకీ తెలిపే బ్లాక్‌చైన్ ప్రయోగం ప్రకటించినవి. అంతకు ముందు 2019 మార్చిలో కాఫీ బోర్డు ఇటువంటి అమ్మకపు వేదికను ప్రయోగాత్మకంగా తెరిచింది.

వర్తకులు రోజూ చేతిలో పట్టుకొని తిరుగుతున్న ఉదాహరణ మరొకటి ఉన్నది. బ్యాంకుల నుండి, కంపెనీల నుండి వచ్చే ఎస్.ఎం.ఎస్.లను పంపేవారి పేర్లు, సందేశాల నమూనాలు టెలికాం నియంత్రణ సంస్థ 2018 నిబంధనల మేరకు టెలిఫోన్ కంపెనీల ఉమ్మడి ఖాతాలో నమోదు కావలెను. ఆ ఖాతా ఈ పద్ధతిలోనిదే. పోటీ కంపెనీలు ఒకదాని పుస్తకం మరొకటి నమ్మవు గనుక అక్కడ అది అమరింది.

విదేశాలలో 2018 జనవరిలో లూయీ డ్రెఫస్ కంపెనీ కొన్ని బ్యాంకులతో కలిసి అమెరికా నుండి చైనాకు ఒక ఓడ సోయాబీన్ వ్యాపారాన్ని బ్లాక్‌చైన్ మీద నడిపింది. ఒప్పందం, లెటర్ ఆఫ్ క్రెడిట్, ప్రభుత్వ తనిఖీ పత్రాలు ఒకేచోట ఉండడంతో కాగితాల పని వ్యవధి ఐదవ వంతుకు తగ్గినట్లు ప్రకటించినారు. వాల్‌మార్ట్ సంస్థ ప్రయోగంలో మామిడి ముక్కల పొట్లం ఏ తోట నుండి వచ్చినదో కనుక్కోవడానికి ముందు దాదాపు ఏడు దినాలు పట్టగా, తరువాత 2.2 సెకన్లు చాలినవి.

మూతపడినవాటిని కూడా చెప్పవలసి ఉన్నది. మేర్‌స్క్, ఐ.బి.ఎం. సంస్థలు ఓడ సరుకుల కోసం 2018లో నెలకొల్పిన ట్రేడ్‌లెన్స్‌ను మూసివేయుచున్నట్లు 2022 నవంబరులో ప్రకటించినవి. అదే నెలలో ఆస్ట్రేలియా స్టాక్ ఎక్స్‌చేంజ్ తన సెటిల్‌మెంట్ విధానాన్ని బ్లాక్‌చైన్‌కు మార్చే పథకాన్ని నిలిపి, సుమారు 25 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లను నష్టం కింద వ్రాసుకున్నది. ట్రేడ్‌లెన్స్ విషయంలో రంగంలోని వారందరి సహకారం కూడిరాలేదని నిర్వాహకులే చెప్పినారు. వ్యాపారంలో పోటీదారు తెరిచిన పుస్తకంలో తన పద్దులు వ్రాయడానికి ఎవరు ముందుకు వస్తారు? యార్డులో ఒక పెద్ద ఖరీదుదారు ఇటువంటి పుస్తకం తెరిచి మిగిలినవారిని రమ్మంటే వచ్చే జవాబు కూడా అదే కాగలదు.

పల్లికాయలో చిక్కు

ఇప్పుడు ఈ మూడు జిల్లాల సరుకు సంగతి. వేరుశనగ ఎగుమతిలో అసలు భయం అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం. ఐరోపా సమాజంలో నేరుగా తినే వేరుశనగకు బి1 రకం విషం కిలోకు 2 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 4 మైక్రోగ్రాములు దాటరాదు. తిరిగి ఏరి శుభ్రం చేయవలసిన సరుకుకు ఈ హద్దులు 8, 15. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలవ వంతు. అపెడా సంస్థ ఎగుమతి వేరుశనగ లాట్ల ఆచూకీ కోసం పీనట్.నెట్ అనే విధానం నడుపుతున్నది. అది కూడా కేంద్ర ఖాతాయే.

దీనిని బ్లాక్‌చైన్‌లోకి మార్చినందువల్ల ఐరోపా కొనుగోలుదారుకు ఒక నమ్మకం అదనంగా రావచ్చును: పరీక్ష ఫలితం తేదీని గాని అంకెను గాని తరువాత ఎవరూ దిద్దలేదని. కాని చిక్కు పుస్తకంలో కంటే సరుకులో ఎక్కువ ఉన్నది. గద్వాల కాయ, వనపర్తి కాయ, అచ్చంపేట కాయ ఒకే మిల్లు కళ్లంలో కలిసి, ఒలిచి, జల్లెడ పట్టి, కౌంట్ల వారీగా హెచ్.పి.ఎస్. గింజలుగా బయటకు వచ్చిన తరువాత ఏ గింజ ఏ రైతుదో ఏ పుస్తకం చెప్పగలదు? ఆచూకీ కావలెనంటే లాట్లను విడివిడిగా ఉంచి ఆడించవలెను. దానికి స్థలం, సమయం, కూలి అదనం. ఆ అదనపు ఖర్చును ధరలో కలిపి ఇచ్చే కొనుగోలుదారు ముందు దొరకవలెను. అంతేకాక విషం సరుకంతటా సమానంగా ఉండదు. ఏ కొద్ది గింజలలోనో తీవ్రంగా ఉండి, మిగిలినవి శుభ్రంగా ఉంటాయి. నమూనా తీసిన చేయి ఆ గింజలను తప్పించుకుంటే ఫలితం నిజాయితీగానే తప్పు కావచ్చును. అట్టి ఫలితం చెరగని పుస్తకంలో ఎక్కినంత మాత్రాన ఒప్పు కాదు.

ధర, తేమ, చెల్లింపు షరతులను పుస్తకమే అమలు జరిపే ఒప్పందాలు కూడా ఉన్నవి. సరుకు దిగినట్లు నమోదు కాగానే సొమ్ము దానంతటదే రైతు ఖాతాకు జమ అగునట్లు, తేమ హద్దు దాటితే ముందే ఒప్పుకున్న లెక్కన కోత పడునట్లు వ్రాసుకోవచ్చును. చెల్లింపు ఆలస్యాలకు ఇది మందే. కాని తేమ మీటరు సరిగా ఉన్నదో లేదో పుస్తకానికి తెలియదు. తేమ యంత్రం, కాంటా ఎవరి చేతిలో ఉంటే ఒప్పందం తాళం వారి చేతిలో ఉన్నట్లే.

నడిగడ్డ పత్తి విత్తనాలు

నిజానికి ఈ మూడు జిల్లాలలో బ్లాక్‌చైన్‌కు వేరుశనగ కంటే అనువైన సరుకు గద్వాల ప్రాంతపు హైబ్రిడ్ పత్తి విత్తనం. అది బస్తాలలో కలిసిపోయే సరుకు కాదు. రైతు వారీగా, లాటు వారీగా విడిగా సేకరించబడుతుంది. విలువ ఎక్కువ, బరువు తక్కువ, చివరకు సీలు వేసిన పొట్లంగా అమ్ముడవుతుంది. పైగా ఇక్కడ ఒకరి పుస్తకాన్ని మరొకరు నమ్మని పరిస్థితి ఉన్నది. రైతుకు, కంపెనీకి నడుమ ఆర్గనైజరు. పెట్టుబడికి అడ్వాన్సు ఆయన ఇస్తాడు, వడ్డీ లెక్క ఆయన వ్రాస్తాడు. విత్తనం నమూనాను నాటి జన్యు స్వచ్ఛత చూసే జీవోటీ పరీక్ష ఫలితం రావడానికి నెలలు పడుతుంది. ఫెయిల్ అయిందన్న మాట వస్తే రైతు ఏడాది కష్టం నిలిచిపోతుంది. ఆ నమూనా తన చేను విత్తనమేనా, ఎవరు సీలు వేసినారు, ఏ తేదీన ఎక్కడ నాటినారు, ఎన్ని మొక్కలలో ఎన్ని తేడా వచ్చినవి అన్న ప్రశ్నలకు రైతు చేతిలో కాగితం ఉండదు. కంపెనీ వైపు నుండి చూస్తే, వేరే చేను విత్తనం కలిపి తెచ్చినారన్న అనుమానానికీ రుజువు ఉండదు.

నమూనా సంచి సీలు వేసిన నాడే దాని నంబరు, బరువు, తేదీ రైతు, ఆర్గనైజరు, కంపెనీ ముగ్గురి సంతకాలతో ఉమ్మడి ఖాతాలో ఎక్కి, తరువాత పరీక్ష చేలోని లెక్క కూడా అదే గొలుసులో పడితే, ఫలితం ఎవరికి అనుకూలంగా వచ్చినా వాదన సగానికి తగ్గుతుంది. అడ్వాన్సులు, వడ్డీ కూడా అదే ఖాతాలో పడితే మిగిలిన సగం. విత్తనాల ఆచూకీ కోసం కేంద్ర ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో సాథీ పోర్టల్‌ను ప్రారంభించింది. క్యూఆర్ కోడ్‌తో పొట్లం మూలం తెలుసుకోవడం దాని ఉద్దేశం. నకిలీ విత్తనాల బెడద కొనే రైతుది గనుక పొట్లం దశ నుండి అది ఉపయోగపడుతుంది. చేను నుండి కంపెనీ దాకా ఉన్న దశ వేరు, అక్కడి ఫిర్యాదులు వేరు.

ఖర్చు, గోప్యత, కోర్టు

తన ఖరీదు ధర పక్క దుకాణంవారికి తెలియడం ఏ వర్తకునికీ ఇష్టం ఉండదు. అందుచేత పద్దు మొత్తం కాక దాని ముద్రను మాత్రమే ఉమ్మడి పుస్తకంలో వ్రాసి, పద్దును ఇరుపక్షాలు తమ వద్దనే ఉంచుకునే పద్ధతి వాడుకలో ఉన్నది. తగవు వచ్చిన నాడు పద్దు బయటపెట్టి ముద్ర లెక్కగడితే అది అసలుదో కాదో తేలిపోతుంది. చిన్న యార్డుకు ఇదే చవక మార్గం. దీనికి పెద్ద యంత్రాలు అక్కర లేదు.

కోర్టులలో దీని విలువ పెరగడానికి ఒక ఆధారం ఏర్పడింది. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ఇవ్వవలసిన ధ్రువపత్రం నమూనాలో ముద్ర సంఖ్యకు చోటు కల్పించబడింది. ఎస్‌హెచ్ఎ-256 పేరు ఆ నమూనాలోనే ఉన్నది. అయితే ముద్ర సరిపోయినంత మాత్రాన పద్దు నిజమని కోర్టు ఒప్పుకోదు. వ్రాసిన తరువాత మారలేదని మాత్రమే అది చెబుతుంది.

క్రిప్టో నాణేల వ్యాపారం వేరే సంగతి. 2018 ఏప్రిల్ నాటి రిజర్వు బ్యాంకు ఆంక్షను 2020 మార్చి 4న సుప్రీంకోర్టు కొట్టివేసింది. 2022 ఏప్రిల్ 1 నుండి వాటి లాభంపై 30 శాతం పన్ను, అదే సంవత్సరం జులై 1 నుండి బదిలీపై 1 శాతం టి.డి.ఎస్. విధించబడినవి. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని మరొక దాని లాభంలో గాని, వ్యాపారపు లాభంలో గాని తగ్గించుకోవడానికి వీలు లేదు. బ్లాక్‌చైన్ పేరు చెప్పి నెలకు ఇంత రాబడి అని హామీ ఇచ్చేవారు అమ్మేది ఖాతా పద్ధతిని కాదు.

యార్డులకు వచ్చి ఖాతా పద్ధతినే అమ్మేవారిని వర్తక సంఘాలు అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నవి. ప్రతులు ఎన్ని, ఎవరెవరి వద్ద ఉంటాయి? అన్ని ప్రతులూ అమ్మిన కంపెనీ కంప్యూటర్లలోనే ఉంటే అది పేరుకే బ్లాక్‌చైన్, పెట్టె ఒకరిదే. తప్పు పద్దు పడితే సవరణ పద్దు ఎవరి సంతకాలతో పడుతుంది? సభ్యుడు వ్యాపారం మానుకుంటే అతని పద్దుల గతి ఏమిటి? కంపెనీ మూతపడితే పుస్తకం చదువుకోగలమా? తూకం, తేమ అంకెలు మనిషి టైపు చేస్తాడా, లేక కాంటా నుండి నేరుగా ఎక్కుతాయా? ఈ చివరి ప్రశ్నకు కాంటా నుండి నేరుగా అని జవాబు వస్తే, ఆ కాంటాకు తూనికల శాఖ ముద్ర ఎప్పుడు పడిందో చూసి రావడానికి దడవాయిని వెంట తీసుకొని పోవలెను.